ఖాళీ ఊటగుంట

నూజివీడు తాలూకా, ఆగిరిపల్లికి ఎగువన ఒక మామిడితోట. 1963 ఫిబ్రవరి, ఆదివారం ఉదయం. తోట నడుమ ఊటగుంట గట్టు మీద ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఒకరు బెజవాడ కాలేజీలో జువాలజీ లెక్చరరు భాస్కరరావు, రెండోవాడు తోట కాపలాదారు రాయప్ప.

"అయితే ఒక్కటి కూడా లేదంటావు."

"నేననడమేంటండి. తమరే గంటసేపు మోకాళ్ల లోతు నీళ్లలో రాళ్లన్నీ తిరగేశారు గదా. ఉంటే తమకే కనపడాలి."

"దీపావళికి నేనొచ్చినప్పుడు ఇరవై రెండున్నాయి రాయప్పా."

"ఉన్నాయండి. తమరు లెక్క పెడుతుంటే నేను పక్కనే ఉన్నా."

"మరి ఆ ఇరవై రెండూ ఏమైనట్టు? రెక్కలొచ్చి ఎగిరిపోయాయా?"

"తమరు చదువుకున్నోళ్లు. రెక్కలొస్తాయో రావో తమకే తెలియాలి. బాబుగారూ, ఆదివారం, నేను ఫాదరీగారి గుడికి పోవాలండి. పూజకి గంట కొట్టేస్తారు."

"కూచో. నీ గంట సంగతి తర్వాత. రేపేంటో తెలుసా?"

"సోమవారమండి."

"రేపు పదింటికి జంతువుల మీద పరిశోధన చేసే పెద్ద డాక్టరుగారు దిగుతున్నాడు. రెండు రోజులు రైల్లో కూచుని మన నీటిబల్లిని చూడ్డానికి వస్తున్నాడు. రేపు ఒక్కటన్నా ప్రాణంతో చూపించకపోతే, ఎల్లుండి మీ కామందు లక్ష్మీనరసింహారావు గారు ఈ గుంటలో తూటాలు పెట్టి పేల్చేస్తాడు. మోటారు బావి తవ్విస్తాడు. దేశంలో ఇంకెక్కడా లేని జంతువు, ఇంత గుంటలో మిగిలింది, దాంతో సరి. అర్థమవుతోందా?"

"అవుతోందండి. చూపిస్తే?"

"చూపిస్తే బావి అవతల దిబ్బ మీద తవ్వించుకుంటానన్నాడు. నాకు మాటిచ్చాడు."

"మాటిచ్చారా."

"ఏం, అలా అంటావేం?"

"ఏమీ లేదండి. కరెంటు స్తంభాలు ఎక్కడిదాకా పాతారో చూశారా తమరు?"

"చూళ్లేదు."

"అదుగో, ఈ గట్టు దాకా వచ్చాయి. దిబ్బ వైపు స్తంభానికి ఒక్క గొయ్యి కూడా తవ్వలేదు."

"మాట మార్చకు. నేనడిగింది స్తంభాల గురించి కాదు. ఆ కప్పల కాంట్రాక్టరు మనుషులు ఇటొచ్చారా?"

"వచ్చారండి. గోతాలేసుకుని వచ్చారు."

"చూశావా, నేనడిగితేగానీ చెప్పవు. ఏం పట్టుకెళ్లారు?"

"కప్పలండి."

"కప్పలతో పాటు?"

"వాళ్లు కొనేది కప్పల కాళ్లు బాబుగారూ. దొరలు వేయించుకు తింటారంట. వీటి కాళ్లు చూసి నవ్విపోయారు. అగ్గిపుల్లంత కాళ్లు, వీటికి పల్లెం కూడా దండగన్నారు."

"మలేరియా ఇన్‌స్పెక్టరు? దోమపిల్లల్ని తినే చేపలు వదుల్తానని తిరుగుతున్నాడుగా. ఆ చేప ఈ గుంటలో పడితే వీటి గుడ్లూ, పిల్లలూ ఏవీ మిగలవు."

"ఆయనా వచ్చాడండి, కుండ నిండా చేపపిల్లలతో. ఇది కామందుగారి ఇంటికెళ్లే మంచినీళ్లండి, పోస్తే పొయ్యండి, ఆయనకేం చెప్పుకుంటారో మీ ఇష్టం అన్నా. పోయి రోడ్డు పక్క కుంటలో పోసి, ఈ గుంటలోనే పోసినట్టు నాచేత వేలిముద్ర వేయించుకుపోయాడు."

"నీకు సంతకం వచ్చుగా."

"వచ్చండి. ఆయన అడగలేదు."

"అమ్మా రాయప్పా. ఇంత తెలివిగలవాడివి, నీ కళ్ల ముందు గుంట ఖాళీ అయితే నాకు కార్డు ముక్క రాయలేకపోయావా?"

"రాద్దామనే అనుకున్నానండి."

"అనుకుని?"

"మానేశా."

"ఎందుకు మానేశావు?"

"దానికో కారణముందండి."

"సరే, అదలా ఉంచు. ఆరోగ్యం ఎలా ఉంది?"

"ఏదో తమ దయ. మొన్న కాస్త దగ్గొచ్చి..."

"నీది కాదు. నీ కోడలి పేరే ఆరోగ్యం కదా, ఆ పిల్ల."

"ఓ, అదా. బాగానే ఉందండి. అదెందుకు గుర్తొచ్చింది తమకి?"

"నిన్న సాయంత్రం నూజివీడులో వెంకటేశ్వర్లు శెట్టిగారి కొట్టు దగ్గర దిగాను. ఈ ఏడు ఈ తోట కాపు గుత్తకి తీసుకున్నది ఆయనేగా. ఆయన చెప్పాడు. ఎనిమిది రోజుల కింద నీ కోడలు ఈ తోటలోంచి కుండ నెత్తిన పెట్టుకుని వెళ్లిందట. కుండ మూతికి తడిగుడ్డట. ఏముంది అందులో?"

"నీళ్లండి."

"నీళ్లకి తడిగుడ్డెందుకు?"

"చల్లగా ఉంటాయని."

"పూత రాలని చలిలో నీళ్లకి చల్లదనం కావలసొచ్చిందా? ఒక కుండ కాదు, మూడుసార్లు వెళ్లిందట."

"ఇంట్లో జనం ఎక్కువండి."

"రాయప్పా."

"అయ్యా."

"ఎవరికమ్మావు?"

"అమ్మడమేంటండి?"

"కాలేజీలకి కప్పలూ, బొద్దింకలూ సరఫరా చేసే వాళ్లున్నారు. నాకు తెలుసు. నేను వీటి గురించి పత్రికలో రాసినప్పట్నించీ వాళ్ల కళ్లు ఇటే ఉన్నాయి. పేరు చెప్పు చాలు. నిన్నేం అనను. ఇవాళే బస్సెక్కి వెళ్లి ఒక జత వెనక్కి తెస్తాను."

"నేనెవరికీ అమ్మలేదండి."

"పోలీసు రిపోర్టిస్తే?"

"ఏమని ఇస్తారండి? బల్లులు పోయాయనా? రాసుకునే వాడెవడు?"

"కామందుకి చెప్తాను. నీ కాపలా పని పోతుంది."

"పోతుందండి. అది ఆయన చేతిలో పనే. శెట్టిగారు తమకి ఇంకా ఏం చెప్పారు? కుండలు చెప్పారు, గుడ్డ చెప్పారు. డబ్బాలు చెప్పారా?"

"ఏ డబ్బాలు?"

"చెప్పలేదన్నమాట."

"ఏ డబ్బాలు రాయప్పా?"

"పూతకి తేనెమంచు పురుగు పట్టిందండి. మందు కొట్టించారు. ఆరుగురు మనుషులు, ఆరు డబ్బాలు. కొట్టడం అయ్యాక డబ్బాలు ఎక్కడ కడిగారంటారు?"

"ఇక్కడా?"

"తమరు నుంచున్న చోటే. వద్దండి, వద్దండి అని నేను చుట్టూ తిరుగుతూనే ఉన్నా. మేస్త్రీ నవ్వాడు. పురుగు చచ్చే మందుకి బల్లి చస్తుందేంట్రా అన్నాడు. నీళ్లు పాలలాగా తెల్లగా అయిపోయాయండి. మర్నాడు తొమ్మిది తేలాయి. కడుపు పైకి పెట్టుకుని."

"తొమ్మిది."

"ఆ గట్టు కింద పూడ్చి పెట్టా. తవ్వి చూసుకుంటారా?"

"వద్దు. ఇరవై రెండులో తొమ్మిది పోతే పదమూడు. పదమూడున్నాయి. అంతేగా? ప్రాణంతో ఉన్నాయి. చెప్పు."

"తమరు ముందు ఒకటి చెప్పండి. మూడేళ్ల కింద నేను తమకి మొట్టమొదట చూపించినప్పుడు ఎన్నున్నాయి?"

"నలభై ఒకటి."

"దీపావళికి ఇరవై రెండు. ఆ మధ్యలో మందు పడలేదు. తూటా పడలేదు. మరి ఆ పందొమ్మిది ఏమైనట్టండి?"

"అవి నమూనాలు. శాస్త్రం కోసం."

"ఎవరు పట్టుకెళ్లారు?"

"నీకు తెలిసిందేగా. నేనే."

"తమరొచ్చిన ప్రతిసారీ గాజుసీసాతో వచ్చారు. మొదటిసారి రెండు. రెండోసారి నాలుగు. ఆ తర్వాత ఒకేసారి ఏడు."

"నేను చెప్తే ఎవడూ నమ్మలేదు రాయప్పా. పుస్తకాల ప్రకారం దీన్ని పోలిన జంతువు కూడా మన దేశం మొత్తం మీద ఈశాన్యపు కొండల్లో తప్ప లేదు. ఆగిరిపల్లి మామిడితోటలో ఉందంటే నవ్వారు. తోక ఊడని కప్పపిల్లని చూసి మోసపోయావన్నారు. రెండు పంపితే రెండు చాలవన్నారు. ఆడదీ మగదీ కావాలన్నారు. ఎముకలు చూడాలి, ఇంకో నాలుగు పంపమన్నారు. నేనేం చెయ్యను?"

"పంపారు."

"పంపకపోతే ఉన్నట్టెలా తెలుస్తుంది?"

"పంపితే లేకుండా పోతున్నాయి గదండి. అందుకే కార్డు రాయలేదు బాబుగారూ. రాస్తే సీసా తీసుకుని వస్తారని."

"నన్ను అనుమానిస్తున్నావా? నేనా? ఈ మూడేళ్లూ సెలవులన్నీ ఈ గట్టు మీదే గడిపాను. ఇంట్లో మా ఆవిడ మీకు బల్లితోనే కాపురం అంటోంది."

"తమరికి వాటి మీద ఆశ లేదని నేననను. పేరు కూడా పెడతారంట గదా దానికి."

"పెట్టాలి. లాటిన్‌లో. చివర కనిపెట్టినవాడి పేరు వస్తుంది."

"ఎవరి పేరండి?"

"అది ఇంకా నిర్ణయించలేదు."

"ముందు చూసింది నేనేనండి."

"రాయప్ప అన్న పేరు లాటిన్‌లో ఎలా కుదురుతుంది?"

"ఎందుకు కుదరదండి? మా ఫాదరీ పూజంతా లాటిన్‌లోనే చెప్తాడు. పేత్రుస్ అంటాడు, పేత్రుస్ అంటే రాయి, అంటే నేనే. తమ పేరే దాంట్లో కుదరదేమో."

"నవ్వించకు. టైము లేదు. పదమూడు ఎక్కడున్నాయి?"

"ఆ డాక్టరుగారు రాసిన ఉత్తరం తమ జేబులో ఉంది. ఇందాక రెండుసార్లు తీసి చూసుకున్నారు. ఒకసారి చదవండి."

"ఇంగ్లీషులో ఉంది."

"తెలుగులో చెప్పండి. తమకి పాఠాలు చెప్పడం అలవాటేగా."

"ఇదుగో. ప్రియమైన భాస్కరరావు గారికి. మీరు పంపిన నమూనాలన్నీ చేరాయి. ఇది చాలా ముఖ్యమైన విషయం, అభినందనలు. ఇరవై ఐదో తారీకున నేనే స్వయంగా వస్తున్నాను. ఆ గుంటని, వీలైతే ప్రాణంతో ఉన్న జంతువుని చూడాలని ఉంది. మీరు దయచేసి వసతి ఏర్పాటు చేయగలరు. ఇట్లు. అంతే."

"అంతేనా?"

"అంతే."

"తమ వేలు ఒక లైను దాటేసిందండి."

"ఏ లైను?"

"వేలు పెట్టి చదువుతున్నారు గదా. ఒకటీ, రెండూ, మూడూ వరసగా వచ్చింది. అక్కడ ఒక లైను మీంచి కిందకి దూకింది. మధ్యలో ఏముంది?"

"పెద్ద విశేషం కాదు. శాస్త్రానికి సంబంధించిన మాటలు."

"ఆ మాటలే చెప్పండి."

"నీకు అర్థం కాదు."

"అర్థం కాకపోతే తమకి నష్టమేముంది?"

"సరే. విను. జంతువుల సంఖ్య మరీ తక్కువగా ఉన్నట్టయితే, ఆ జాతి ఎలాగూ నిలవదు కనుక, మిగిలిన వాటన్నిటినీ సేకరించడమే మంచిది."

"సేకరించడమంటే?"

"పట్టుకోవడం."

"పట్టుకుని?"

"సీసాల్లో వెయ్యడం."

"ప్రాణంతోనా?"

"సీసాలో ఉండేది ఫార్మలిన్, రాయప్పా."

"అదండి. పదమూడంటే తక్కువా, ఎక్కువా? ఆయన లెక్కలో చెప్పండి."

"తక్కువే."

"ఆయన వస్తే తీసుకుపోతాడు. ఆయన రాకపోతే తూటా పేలుతుంది. రెండూ తప్పితే శెట్టిగారు కాయ పిందె పడ్డాక రెండో మందు కొట్టిస్తాడు. ఇందులో తమరు నాకు ఏది ఎంచుకోమంటారు?"

"నేను ఆయన్ని ఒప్పిస్తాను. రెండు చాలు, మిగతావి వదిలెయ్యండి అంటాను."

"తమ మాట ఆయన వింటాడా?"

"వినొచ్చు."

"ఇందాక ఆ లైను నాకు చదవకుండా దాటేశారు. వింటాడని తమకి నమ్మకముంటే దాటేసేవారా? కోప్పడకండి."

"కోపం కాదు. నువ్వన్నది నిజమే. వినడు. ఆయన వేసే సంతకం మీదే నా కాగితాలన్నీ ఆధారపడి ఉన్నాయి. నేను గట్టిగా ఒక్క మాట కూడా అనలేను. చాలా?"

"చాలండి."

"ఇప్పుడు చెప్పు. ఎక్కడ దాచావు?"

"దాచలేదండి. మార్చాను."

"ఎక్కడికి? కుంటలోకా? కుంటలో ఆ చేపలున్నాయి. కాలవలోకా? కాలవ వేసవికి ఎండిపోతుంది. తొట్టిలోకి అయితే మూడో రోజుకి చచ్చిపోతాయి. నీడ కావాలి, రాతి సందులు కావాలి, ఊటనీరే కావాలి, చల్లగా ఉండాలి. ఈ చుట్టుపక్కల అలాంటి చోటు లేదు. నేను మూడేళ్లు తిరిగాను. చాట్రాయి దాకా వెళ్లి చూశాను. ఒక్క బావి వదల్లేదు."

"ఒక్కటి వదిలారండి."

"ఏది?"

"మా పేట బావి."

"హరిజనవాడ బావిలోనా?"

"ఆ బావేనండి. రాతి కట్టుడు. అడుగున ఊట. మధ్యాన్నం కూడా లోపల ఎండ పడదు. కొండ అవతలి పాయ నుంచి వస్తుంది నీరు, ఇక్కడ తూటా పేలినా అటు పోదు."

"మీరు తాగే నీళ్లు గదయ్యా."

"తాగే నీళ్లు గనకే అందులో ఎవడూ డబ్బాలు కడగడు."

"మరి మీవాళ్లు ఊరుకున్నారా? బల్లి పడ్డ నీళ్లంటే ఎవరైనా..."

"ఊరుకోలేదండి. మొదటి రోజు ఆడోళ్లంతా కుండలు బోర్లించుకుని కూచున్నారు. పక్కింటి సుబ్బరత్నమ్మ అయితే నా మొహం మీదే ఉమ్మేసినంత పని చేసింది. బల్లులు తోక ఊపితే విషం దిగుతుందంట. అప్పుడు మా కోడలు ఆరోగ్యం వెళ్లి, అందరూ చూస్తుండగా చేద వేసి, తోడి, కడుపునిండా తాగింది. తన చంటిదానికి ఉగ్గుగిన్నెతో పట్టింది. నేను చెప్పలేదు అలా చెయ్యమని."

"తర్వాత?"

"మర్నాడు చంటిది పాకుతూ పోయి సుబ్బరత్నమ్మ కోడిని పట్టుకుంది. దాంతో ఆవిడే ముందు కుండ తెచ్చింది."

"ఎనిమిది రోజుల్లో ఎన్ని పోయాయి?"

"ఒక్కటి కూడా పోలేదు. మొన్న ఒకటి గోడ రాయికి గుడ్లు అంటించింది. జిగురుగా, సగ్గుబియ్యంలాగా."

"గుడ్లా? గుడ్లు పెట్టిందా? ఈ గుంటలో మూడేళ్లలో ఒక్కసారి కూడా నాకు గుడ్లు కనపడలేదు."

"ఇక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు కాళ్లు పెడుతూనే ఉండేవారు గదండి."

"కానీ మలేరియా వాళ్లు? పంచాయతీ వాళ్లు బ్లీచింగ్ పొయ్యడానికి రారా?"

"మలేరియా వాళ్లు పేట మొగలో మొదటి గోడకే, మందు కొట్టేసినట్టు, పది ఇళ్ల తారీకులూ వేసి పోతారు. బ్లీచింగ్ డబ్బా ఊరి బావుల దగ్గరే అయిపోతుంది. కామందుగారికి అక్కడ మోటారు అక్కర్లేదు. శెట్టిగారు ఆ దారిన నడవడు. తమరు చాట్రాయి దాకా అన్ని బావులూ తొంగి చూశారు, ఫర్లాంగు దూరంలో ఉన్న మా బావి దగ్గరికి మాత్రం రాలేదు. తమవాళ్లెవరూ ముట్టుకోని నీళ్లు ఈ తాలూకాలో ఇంకెక్కడున్నాయండి? తప్పుగా అన్నానా?"

"లేదు. రేపు ఆ డాక్టరుకి నేనేం చెప్పాలి?"

"గుంటలో ఒక్కటి కూడా లేదని. అబద్ధం కాదు గదా."

"నలుగురిలో నవ్వులపాలవుతాను. ఆ పంపినవి కూడా ఎక్కడో తెచ్చి పంపాననుకుంటారు. దొంగ అంటారు."

"అంటారండి. ఇందాక తమరు నన్నన్నట్టే."

"నువ్వు చాలా కఠినంగా మాట్లాడతావు రాయప్పా."

"తమ ఇష్టం. రేపు ఆయనకి పేట బావి అని ఒక్క మాట చెప్తే తమకి పేరొస్తుంది. నేను ఆపలేను. కర్రపుచ్చుకుని గట్టు మీద కూచున్నా, పోలీసు వస్తే లేవాల్సిందే."

"చెప్పను."

"దీపావళికి వెళ్తూ ఇక పట్టనన్నారు. లెక్క పెట్టకముందే పట్టేసినట్టున్నారు, వెళ్లేటప్పుడు తమ సంచిలోంచి నీళ్లు కారుతున్నాయి."

"ఆ సంగతీ చూశావా?"

"చూశానండి. అడగలేదు."

"చెప్పను అన్నాను. ఉత్తరం చింపేస్తున్నాను, చూడు. చూశావా? కానీ ఒక్కసారి నా కళ్లతో చూడాలి. పదమూడూ చూడాలి. ఆ గుడ్లు చూడాలి. లేకపోతే నువ్వు నిజంగా అమ్మేసి, నాకు కథ చెప్పి పంపుతున్నావేమోనని జీవితాంతం అనుమానం పడుతూ ఉంటాను."

"ఇంకా పోలేదా అనుమానం?"

"నీకు పోయిందా?"

"లేదండి."

"అయితే పద. ఇద్దరికీ తీరుతుంది. మీ పేటలో కాలు పెడితే ఎవరైనా ఏమైనా అంటారని నాకేం బెంగ లేదు. అలాంటి పట్టింపులు నాకు లేవు."

"సీసా ఇక్కడే పెట్టండి."

"పెట్టాను."

"సంచి కూడా."

"సంచీ పెట్టాను. ఇంకేమన్నా ఉందా? బావి గట్టెక్కి ఒక్కసారి లోపలికి తొంగి చూస్తాను, అంతే."

"కుదరదండి. తమరు మా గట్టు ఎక్కకూడదు, చేద ముట్టుకోకూడదు. అల్లంత దూరంలో వంగి దోసిలి పట్టండి, నేను వాటిని నీళ్లతో తోడి పైనుంచి పోస్తాను, చూసుకోండి."